కోరల్ ముడుచుకుపోతే మందు సీసా ముట్టుకోకముందు ఏం చెయ్యాలి

ఇంట్లో ఉప్పునీటి ట్యాంకులో కోరల్స్, అంటే బతికున్న పగడాలు, పెంచేవాళ్ల కోసం ఇది. పొద్దున్నే లైట్ వెయ్యగానే నిన్నటిదాకా చామంతుల్లా విచ్చుకున్న జోయాలనే మెత్తటి పగడాలు గుప్పెట మూసేసి ఉంటాయి, పక్కన లెదర్ కోరల్ తల వాల్చేసి ఉంటది. అప్పుడు మనం చేసే మొదటి పని ఫోన్ తీసి ఫొటో కొట్టి నలుగురికి పంపడం, నలుగురూ నాలుగు మందులు చెప్తారు, సాయంత్రానికి ఆ నాలుగూ ట్యాంకులో పడిపోతాయి. నేనూ అదే చేశానండి, అందుకే ఇది రాస్తున్నా.

మాది పాలకొల్లు. మూడడుగుల ట్యాంకు, నీళ్లు ఓ 180 లీటర్లు. మా బావగారికి మొగల్తూరు వైపు వెనామీ రొయ్యల చెరువులున్నాయి. పోయిన మే నెలలో నా జోయాలు వారం పాటు విచ్చుకోలేదు, నేను అయోడిన్ డిప్ మీద డిప్ ఇస్తూ, అంటే మందు కలిపిన నీళ్లలో ముంచి తీస్తూ కూర్చున్నా, ఆయన భోజనానికొచ్చి కాసేపు చూసి "ఏవోయ్, చెక్ ట్రేలో మేత మిగిలిపోతే మేం రొయ్యని పట్టుకుని మందు తాగిస్తామా, నీళ్లు పట్టుకుని ల్యాబ్‌కి పరిగెడతామా" అన్నారు. కార్లోంచి సెలైనిటీ మీటర్, అదే నీళ్లలో ఉప్పు కొలిచేది, తెచ్చి ఒక చుక్క వేసి చూస్తే 40, అంటే లీటరులో 40 గ్రాముల దాకా ఉప్పు! ఉండాల్సింది 35. సంగతేంటంటే ఎండలకి ట్యాంకు మీద ఫ్యాన్ పెట్టా, దాంతో రోజుకి నాలుగు లీటర్ల దాకా ఆవిరైపోతున్నాయి, తగ్గిన చోట నేను సాల్ట్ కలిపిన నీళ్లే పోస్తూ వచ్చా. ఆవిరయ్యేవి నీళ్లే కదండీ, ఉప్పు ఎక్కడికీ పోదు. లెక్కేస్తే వారంలో కిలో ఉప్పు అదనంగా పోశానన్నమాట. కోరల్ దాహంతో నాలిక పిడచకట్టి ఉంటే నేను దానికి పుండ్ల మందు పూస్తున్నా.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి.

ముందు చేతులు

ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు గ్లోవ్స్, కళ్లజోడు. ఇది భయపెట్టడానికి కాదు. జోయాల్లో, ముఖ్యంగా వాటి చుట్టం పాలిథోవాలో పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, చేతి మీద చిన్న గాటు ఉన్నా, నీళ్లు చివుక్కున కంట్లో పడినా కష్టమే, దీనికి విరుగుడు మందు లేదు. జోయాలున్న రాయిని వేడినీళ్లలో ఉడకబెట్టి శుభ్రం చేద్దాం అనే ఆలోచన మాత్రం కల్లో కూడా రానివ్వకండి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రిపాలైన సందర్భాలు వేరే దేశాల్లో ఉన్నాయి. నోట్లో ఇనప రుచి, జ్వరం, ఒళ్లు నొప్పులు, ఆయాసం లాంటివి కనిపిస్తే వెంటనే హాస్పిటల్‌కి వెళ్లి పగడాల ట్యాంకు సంగతి, పాలిటాక్సిన్ అన్న పేరు డాక్టర్‌కి చెప్పండి, చెప్పకపోతే ఆయనకి తట్టే అవకాశం లేదు. పిల్లల్ని ఆ గదిలోంచి బయటికి పంపేసి మొదలెట్టండి.

చెరువు మీద నుంచి వచ్చి అదే చేత్తో ట్యాంకు ముట్టుకోవడం కూడా వద్దు. వైబ్రియో అంటే మన వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు కదా, ఆ కుటుంబంలోదే వైబ్రియో కోరలీలిటికస్ అనే బ్యాక్టీరియా కోరల్స్‌ని తింటది, నీళ్లు 27 డిగ్రీలు దాటి వేడెక్కే కొద్దీ దానికి బలం. మీరు రైతులైతే షెడ్ గేటు దగ్గర కాళ్లు ముంచే తొట్టి ఎందుకు పెట్టుకున్నారో ఇంట్లోనూ అదే లెక్క.

అసలు జబ్బేనా

టోడ్‌స్టూల్ లెదర్ ఉంటే ఒకటి గుర్తు పెట్టుకోండి, అది అప్పుడప్పుడూ మూసుకుపోయి పైన మైనం పూసినట్టు మెరుస్తది, మూణ్ణాలుగు రోజులు, ఒక్కోసారి వారం పది రోజులు కూడా అలాగే ఉండి ఆ పొర వదిలేసి మళ్లీ విచ్చుకుంటది. పాము కుబుసం విడిచినట్టే. దానికి మందెయ్యక్కర్లేదు, పంపు నీళ్ల వాలు కాస్త అటు తిప్పితే పొర తొందరగా ఊడిపోద్ది. వాసన వస్తున్నా, కండ కరిగి జారిపోతున్నా, నల్లగా అవుతున్నా అప్పుడు అనుమానించండి.

తెల్ల మచ్చల విషయంలో కూడా మన వైపు పెద్ద తికమక ఉంది. రొయ్యకి వైట్ స్పాట్ అంటే వైరస్. ఉప్పునీటి చేపకి వైట్ స్పాట్ అంటే క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. కోరల్ తెల్లబడితే ఈ రెండూ కాదు. కండ అలాగే ఉండి రంగు మాత్రం వెలిసిపోతే అది బ్లీచింగ్, అంటే కండలో ఉండి దానికి అన్నం పెట్టే నాచు వెళ్లిపోయిందని, వేడికో లైటు ఎక్కువైతేనో అవుద్ది, లక్షద్వీప్‌లో 1998, 2010, 2016ల్లో పగడపు దిబ్బలు తెల్లబడింది సముద్రం వేడెక్కే. కండే ఊడిపోయి కింద ఎముక కనిపిస్తే అది కణజాలం చావడం, ఇది తొందర పడాల్సిన కేసు. బ్లీచ్ అయిన కోరల్ ఇంకా బతికే ఉంటది, లైటు తగ్గించి నీళ్లు చల్లబరిస్తే చాలావాటికి రంగు తిరిగొస్తది, వారాలు పట్టొచ్చు. దాన్ని డిప్‌లో ముంచితే మాత్రం చచ్చే దాన్ని చంపినట్టే.

నీళ్లు చూడండి, అన్నీ చూడండి

ఉష్ణోగ్రత 25 నుంచి 27 ఉండాలి. మనకి మేలో గదిలోనే 36, 37 ఉంటది, పైగా తేమ, ఆ ఉక్కలో ఫ్యాన్ పెట్టినా నీళ్లు పొడి ఊళ్లల్లో దిగినంత దిగవు. చిల్లర్ కొనగలిగితే కొనండి, లేదంటే ట్యాంకు ఉన్న గదికి ఏసీ. అర్జెంటుగా దింపాలంటే సీసాలో నీళ్లు గడ్డకట్టించి మూతతో సహా తేలనివ్వండి, గంటకి ఒక డిగ్రీ కంటే ఎక్కువ దింపొద్దు. 30 దాటాక కోరల్‌కి ఒక్కో రోజూ గండమే.

సెలైనిటీ 35, స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీళ్లతో పోల్చి చూసే బరువు) లెక్కలో 1.025, 1.026 మధ్య. చెరువుల దగ్గర వాడే సెలైనిటీ మీటర్ పనికొస్తది కానీ, 35 ఉండే కాలిబ్రేషన్ సొల్యూషన్‌తో సరిచేసుకోండి. మామూలు నీళ్లతో సున్నా దగ్గర సరిచేసినంత మాత్రాన పైన 35 దగ్గర సరిగ్గా చూపించాలని లేదు. ఎక్కువైతే ఒక్కసారి దింపకండి. నా ట్యాంకులో రోజుకి నాలుగైదు లీటర్లు తీసి అన్ని ఆర్వో నీళ్లు పోస్తే ఒక పాయింటు దిగింది, 40 నుంచి 35కి ఐదు రోజులు పట్టింది. ఆరో రోజు పొద్దున ఒక మూల నాలుగు జోయాలు కళ్లు తెరిచాయండి, సగం తెరిచి, నన్ను నమ్మొచ్చా లేదా అన్నట్టు.

ఆల్కలినిటీకి, అంటే నీళ్ల పీహెచ్ ఊగకుండా పట్టి ఉంచే గుణానికి, మన జిల్లాల్లో ఒక సుఖం ఉంది, ఏ ఊళ్లో అయినా ఆక్వా ల్యాబ్ ఉంటది, సీసాడు నీళ్లు పట్టుకెళ్తే చూసిస్తారు. కాకపోతే వాళ్లు రాసేది పీపీఎంలో, రీఫ్ వాళ్లు, అంటే పగడాల ట్యాంకు పెంచేవాళ్లు, మాట్లాడేది డీకేహెచ్‌లో. పీపీఎంని 18తో భాగించండి, దాదాపుగా డీకేహెచ్ వస్తది. రీఫ్‌కి కావాల్సింది 7 నుంచి 9 డీకేహెచ్, అంటే ల్యాబ్ కాగితం మీద 125 నుంచి 160. ఉన్న అంకె కంటే అది కదలకుండా ఉండటం ముఖ్యం, రోజుకి ఒక డీకేహెచ్ మించి పెంచకండి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1300 దగ్గర్లో. నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువైతే ఎలాగూ తప్పే, కానీ రెండూ పూర్తిగా సున్నా అయినా కోరల్ ఆకలితో పాలిపోద్ది, ఆ శుభ్రం మరీ అంత వద్దు. ల్యాబ్ కుర్రాడు మీ సెలైనిటీ 35 చూసి "చెరువు ఏమైనా ఎండిపోయిందాండి" అని అడిగితే నవ్వుకోండి, నన్ను అడిగాడు.

ఇక ఆ నీళ్లు ఎక్కడివో చూడండి. 20 లీటర్ల టిన్ను నీళ్లు శుభ్రంగానే కనిపిస్తాయి కానీ నీళ్లలో కరిగి ఉన్నవి కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి, సున్నా రాదు. వేసవిలో కాలువలు కట్టేశాక పంచాయతీ చెరువులో నిలవ నీళ్లే కుళాయికి వస్తాయి, మన ఇంటి ఆర్వో మీద అప్పుడు బరువు ఎక్కువ పడుద్ది, నిన్న తక్కువ చూపించింది ఇవాళ ఎక్కువ చూపించొచ్చు. ఇంకోటి, ఈ మధ్య ఆరోగ్యానికి మంచిదని రాగి కలిపే ఆర్వోలు వచ్చాయి, అవి మనుషులకే, కోరల్‌కీ, ట్యాంకులో పెంచే క్లీనర్ ష్రింప్ అనే రొయ్యకీ రాగి విషం. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెజిన్ ఉన్న యూనిట్ పెట్టుకుని మీటర్ మీద సున్నా చూశాకే సాల్ట్ కలపండి.

అంతర్వేది ఎంత, పేరుపాలెం ఎంత, ఓ రెండు క్యాన్లు సముద్రం నీళ్లే తెచ్చేసుకుందాం అనిపిస్తది. గోదారి మొగ దగ్గర ఒండ్రు, మంచినీళ్లు కలిసిన నీళ్లు అవి, వరదలప్పుడు ఎర్రగా ఎలా ఉంటాయో చూసే ఉంటారు. మన తీరాన పగడపు దిబ్బ కట్టకపోవడానికి కారణం కూడా అదే, ఆ నీళ్లలో కోరల్ బతకదు.

దోమల మందు గురించి కూడా ఒక మాట. మనకి దోమలు తప్పవు, ప్లగ్‌లో పెట్టే లిక్విడ్లు, పంచాయతీ పొగ బండి, వీటిల్లో ఉండే పైరెత్రాయిడ్లు నీళ్లలోకి దిగితే రొయ్య జాతికి, చేపకి యమగండం. ఎయిర్ పంపు గదిలో గాలే పీల్చి ట్యాంకులోకి ఊదుద్ది. ఆ గదిలో దోమతెర కట్టుకోండి.

నీళ్లలో తప్పు దొరికిందా, సరిచేసి వారం రోజులు ఏమీ చెయ్యకుండా ఉండండి. ఫిల్టర్లో కార్బన్ కొత్తది పెట్టండి, 15 శాతం నీళ్లు మార్చండి, అంతే. ఈ ఏమీ చెయ్యకపోవడమే అన్నింట్లోకీ కష్టమైన పని.

రాత్రి టార్చ్‌తో

నీళ్లు బాగానే ఉండి కూడా ఒకే ఒక్క కాలనీ ముడుచుకుంటే, లైట్లు ఆపిన రెండు గంటలకి టార్చ్ వేసి చూడండి. టార్చ్ మీద ఎర్ర కాగితం చుడితే పురుగులు పారిపోవు. జోయాల్ని తినే నూడీబ్రాంక్ అని చిప్ప లేని నత్త ఒకటుంటది, ఒంటి నిండా కుచ్చులు, ఏ రంగు జోయా తింటే ఆ రంగులోకి వచ్చేస్తది, కాబట్టి ఎదురుగా ఉన్నా కనపడదు. దాని గుడ్లు జోయా కాడకి అంటుకుని చిన్న తెల్లటి చుట్టలా, జంతిక చుట్టినట్టు ఉంటాయి. చొక్కా గుండీలా చదునుగా, నలుపు తెలుపు గీతలతో ఉండే సన్‌డయల్ నత్త కూడా జోయాల్నే తింటది. కాడల మీద సన్నటి తెల్ల పొక్కులు, చెమటకాయల్లా వరసగా ఉంటే దాన్ని జోయా పాక్స్ అంటారు. తెల్లగా గెంతే చిన్న పురుగులు కనిపిస్తే కంగారు పడకండి, అవి చచ్చింది తినేవే ఎక్కువ.

విడిగా పెట్టడం, ముంచడం

ఇప్పుడు జబ్బు దాన్ని వేరు చెయ్యాలి. మనకి దొరికేంత సులువుగా ఇంకెక్కడా దొరకని వస్తువు ఒకటి ఉంది, రొయ్యలు ఐస్‌లో పెట్టి పంపే థర్మోకోల్ బాక్స్. కొత్తది తీసుకోండి, వాడింది వద్దు. ఎండ వేడి లోపలికి రాదు, 20 లీటర్ల నీళ్లు పడతాయి, ఒక స్పాంజ్ ఫిల్టరు, చిన్న పంపు, పైన ఒక లైటు. నీళ్లు మీ ట్యాంకులోవే పొయ్యండి. దానికి విడిగా ఒక సిరంజి, ఒక ఫోర్సెప్స్, ఇవి మెయిన్ ట్యాంకులోకి రాకూడదు.

డిప్‌కి మూడు ప్లాస్టిక్ గిన్నెలు కావాలి, అడుగు తెల్లగా ఉంటే రాలిన పురుగు కనిపిస్తది. మూడింట్లోనూ ట్యాంకు నీళ్లే, ఒకదాంట్లో మందు, రెండు కడగడానికి. కుళాయి నీళ్లు చుక్క కూడా వద్దు.

చాలా వాటికి నేను వాడేది 5 శాతం లూగాల్స్ అయోడిన్, లీటరుకి 5 నుంచి 10 చుక్కలు, నీళ్లు పల్చటి డికాషన్ రంగు రావాలి, పది నిమిషాలు. మధ్యలో 50 ఎంఎల్ సిరంజితో ఆ నీళ్లే పీల్చి సందుల్లోకి చిమ్ముతూ ఉండండి. బీటాడిన్ వాడేవాళ్లూ ఉన్నారు, అయితే సీసా మీద సొల్యూషన్ అని ఉండాలి, స్క్రబ్ అని ఉంటే అందులో సబ్బు ఉంటది, పొరపాటున కూడా వద్దు.

జోయాల మీద పొక్కులకి, నాచు పట్టినదానికి హైడ్రోజన్ పెరాక్సైడ్. ఇక్కడే మనవాళ్లు దెబ్బ తింటారు. బయటి దేశాల వాళ్లు చెప్పే లెక్కలు 3 శాతానికి, ఒక వంతు మందు, పది వంతుల నీళ్లు. మన మెడికల్ షాపులో ఇచ్చే 20 వాల్యూమ్ సీసా 6 శాతం. అంటే సగమే వెయ్యాలి, లీటరు ట్యాంకు నీళ్లకి 50 ఎంఎల్, మొదటిసారి ఐదు నిమిషాలు చాలు. డీఓ, అంటే నీళ్లలో ఆక్సిజన్, పడిపోయినప్పుడు చెరువుల్లో పోసే 50 శాతం డబ్బా ఉంటది చూశారా, దాని దగ్గరికి వెళ్లకండి, చర్మం కాలిపోద్ది. లెదర్లకి, జీనియా అనే మెత్తటి కోరల్ కి పెరాక్సైడ్ పడదు, వాటిని అయోడిన్‌తోనే సరిపెట్టండి.

అయ్యాక రెండు గిన్నెల్లో కడిగి బాక్సులో పెట్టండి. గుడ్లు కనిపిస్తే మెత్తటి టూత్‌బ్రష్‌తోనో గోటితోనో గీకి తీసెయ్యాలి, ఏ డిప్పూ గుడ్డుని చంపదు. అందుకే వారానికొకసారి చొప్పున మూడు నాలుగు వారాలు డిప్ తప్పదు, ఒకసారి ముంచి పురుగు రాలింది కదా అని మెయిన్ ట్యాంకులో పెట్టేస్తే నెల తర్వాత మళ్లీ మొదటికొస్తది.

కుళ్లింది కొయ్యాలి

లెదర్లో ఒక పక్క నల్లబడి కరుగుతుంటే మందుతో ఆగదు. కొత్త బ్లేడుతో, కుళ్లు అంచు నుంచి ఒక సెంటీమీటరు మంచి కండలోకి వెళ్లి కోసెయ్యండి. మనసొప్పదు, కానీ వంకాయ పుచ్చు కొంచెమే ఉందని అంచు మీద కోస్తే ఏమవుద్దో అదే ఇక్కడా. కోసిన చోట అయోడిన్ డిప్, తర్వాత నీళ్ల వాలు బాగా తగిలే చోట పెట్టండి. మంచి ముక్క ఇంకోటి వస్తే ఫెవిక్విక్ లాంటి గమ్ము, అదే సయనోయాక్రిలేట్, జెల్ రకం అయితే మేలు, దాంతో చిన్న రాయి మీద అంటించండి. లెదర్ మాత్రం జిగురుకి అంత తొందరగా నిలవదు, రబ్బర్ బ్యాండ్ వదులుగా వేసి వారం ఉంచండి.

హ్యామర్, టార్చ్ అనే పేర్లున్న గట్టి ఎముక కోరల్స్ పెంచేవాళ్లకి బ్రౌన్ జెల్లీ వస్తది, గోధుమ రంగు జిగురు, కుళ్లిన వాసన, గంటల్లో పక్క తలకి పాకుద్ది. ముందు పంపులన్నీ ఆపండి, లేకపోతే ఆ జిగురు ట్యాంకంతా చిందుద్ది. సన్నటి పైపుతో పీల్చేసి, జబ్బు పడ్డ తలని ఎముకతో సహా విరిచి పారేసి, మిగతాది డిప్ చేసి బాక్సులోకి. ఇలా గట్టి ఎముక కట్టే కోరల్స్ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, మన సముద్రంలోంచి తీసింది అమ్మినా కొన్నా నేరమే, అందుకే నా ట్యాంకులో జోయాలు, మష్రూమ్‌లు, లెదర్లే. మా అత్తయ్య వాటిని చూసి "వీటితో ఉంగరం చేయించొచ్చా" అని అడిగింది పాపం, ఉంగరంలో పెట్టేది ఎర్ర పగడం, వేరే జాతి.

ట్యాంకులో పొయ్యకూడనివి

మైలుతుత్తం, రాగి ఉన్న చేపల మందులు. ఒకసారి పడితే రాళ్లు, ఇసక కూడా పీల్చుకుని నెలల తరబడి వదులుతాయి.

యాంటీబయాటిక్స్. జోయా పాక్స్‌కి ఫ్యూరాన్ మందు వెయ్యమని బయటి వాళ్లు రాస్తారు, నైట్రోఫ్యూరాన్ అన్న మాట వింటే మన రొయ్యల రైతు ఉలిక్కిపడతాడు, దాన్నీ క్లోరాంఫెనికాల్‌నీ ఆక్వాలో మన దగ్గర కూడా నిషేధించారు, ఆ అవశేషాలు దొరికి కంటైనర్లు వెనక్కి వచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఇంట్లో ట్యాంకు నీళ్లు డ్రెయిన్‌లోకి, డ్రెయిన్ నీళ్లు ఎవరి చెరువులోకి వెళ్తాయో మనం చెప్పలేం. ఫ్లోరిడాలో 2014 నుంచి కోరల్స్‌ని మింగేస్తున్న జబ్బుకి అక్కడి వాళ్లు అమాక్సిసిలిన్ వాడతారు నిజమే, కానీ నీళ్లలో కలపరు, పేస్టులా చేసి పుండు అంచున పూస్తారు.

చెరువుల ప్రోబయోటిక్, బెల్లం. బావగారు ప్రేమగా ఒక ప్యాకెట్ ఇచ్చారు, నేను ప్రేమగా అల్మారాలో పెట్టా. జబ్బు ట్యాంకులో బ్యాక్టీరియా ఒక్కసారి ఎగబాకితే రాత్రి ఆక్సిజన్ చాలదు.

బజార్లో కొన్న పచ్చి రొయ్య ముక్క కూడా మేతగా వెయ్యకండి, కోరల్‌కి ఏం కాదు గానీ క్లీనర్ ష్రింప్‌కి వైట్ స్పాట్ అంటుకోవచ్చు.

చివరి డిప్ అయ్యాక రెండు వారాలు బాక్సులో కొత్త మచ్చ, కొత్త పురుగు లేకుండా ఉంటేనే మెయిన్ ట్యాంకులోకి. మొదట అడుగున నీడలో పెట్టి, పది రోజుల్లో మెల్లగా పైకి తెండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద లైట్లు అక్కర్లేదు, వేవ్ పంపు ఒక్కటి తిరిగితే చాలు.

డిప్ చేసిన నీళ్లు ఆ రోజే పారెయ్యాలి. ఉప్పునీళ్లే కదా కొబ్బరిచెట్టు మొదట్లో పోసేద్దాం అని మా నాన్నగారు అన్నారు, మామూలుగా మార్చిన ట్యాంకు నీళ్లయితే ఎప్పుడైనా ఓ బకెట్ సరే, డిప్ నీళ్లు మాత్రం వద్దు. అయోడిన్ నీళ్లు, జోయాలు కడిగిన నీళ్లు ఒక బకెట్లో పోసి, తలుపులు తీసి పెట్టి, అందులో ఇంట్లో వాడే లిక్విడ్ బ్లీచ్ కలిపి గంట ఉంచండి, పాలిటాక్సిన్ బ్లీచ్‌కి విరిగిపోద్ది. అదే బకెట్లో వాడిన బ్రష్, బ్లేడు, గిన్నెలు కూడా ముంచెయ్యండి. తర్వాత టాయిలెట్లో పోసి రెండుసార్లు ఫ్లష్ కొట్టి, గ్లోవ్స్ లోపలి పక్క బయటికి వచ్చేలా తిప్పి తీసి, అప్పుడు చేతులు కడుక్కోండి.